కడిగిన సీసాలు

నాకు ఉద్యోగం వచ్చిందంటే కుట్టుమిషను అత్త నమ్మలేదట. "ఊళ్ళో బావులన్నిట్లోకీ తొంగిచూసినందుకు జీతమా? ఆ పని మా బుడ్డోడు రోజూ ఊరికే చేస్తున్నాడు, పైగా వీపు మీద రెండు తింటున్నాడు" అందట. ఆవిడ ఈ మాట అన్నది చొక్కా చేతులు పొట్టి చేయించుకోడానికి వెళ్ళిన పోస్టుమాన్ భార్యతో. పోస్టుమాన్ భార్య మా అమ్మకి చేరవేసేసరికి అందులో "ఆడపిల్లకి" అన్న ముక్క ఒకటి కలిసింది. మా అమ్మ మా నాన్నకి చెప్పేసరికి "ఎదిగిన" కూడా కలిసింది. నాన్న తాపీ మేస్త్రీ. గోడ ఎత్తు పెరగడం చూసినవాడు కాబట్టి మాట ఎత్తు పెరిగితే కంగారు పడడు. "వెళ్ళనీ. ఆరు వారాలే కదా" అన్నాడు.

నాకప్పుడు పదహారేళ్ళు. ఆ వేసవిలో గ్రంథాలయ సంఘం వాళ్ళు ఊరి పిల్లలకి మొదటిసారి జీతమిచ్చి పని నేర్పుతామని తలుపు మీద కాగితం అంటించారు. పన్నెండు మందిని తీసుకున్నారు. కొందరిని మొక్కల పెంపకానికి పంపారు, కొందరిని ఆస్పత్రిలో పాత కాగితాలు సర్దడానికి పంపారు. నలుగురికి బావి నీళ్ళ పరీక్ష వచ్చింది. పడమటి వీధులు ఇద్దరికి, తూర్పు వీధులు నాకూ గడియారానికీ. గడియారం నా క్లాసువాడే. వాళ్ళ మామయ్య ఇచ్చిన చేతి గడియారం ఒకటుండేది వాడికి. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడల్లా అందులో టైము చూసుకునేవాడు.

పని నేర్పడానికి ఆరోగ్య కేంద్రం నుంచి ల్యాబ్ మేడమ్ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చెప్పిన మాట రెండోసారి చెప్పని మనిషి. గ్రంథాలయం వెనక గదిలో బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టి అందులోంచి ప్లాస్టిక్ బాటిల్ తీసింది.

"మూత తియ్యండి, నింపండి, మూత పెట్టండి. లోపల వేలు పెట్టొద్దు. కడగొద్దు. సాయంత్రం ఇక్కడికి తెస్తే మందు కాగితం ఉన్న చిన్న సీసాలో పోస్తాం. రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్ళు తాగకూడదు. నల్లబడకపోతే తాగొచ్చు. అంతే."

"దుమ్ముంటే మేడమ్?" అన్నాను.

"దుమ్ము బయటుంది. లోపల లేదు."

నల్లబడిన బావి గట్టుకి ఎర్ర రంగుతో చుట్టూ పట్టీ వెయ్యాలి, మంచిదానికి తెల్లపట్టీ. ఎర్రపట్టీ పడినవాళ్ళు నీళ్ళు మరగబెట్టుకుని తాగాలి. వేసవి చివర్లో మందు చల్లి మళ్ళీ పరీక్ష చేస్తారు. ఇంకో నియమం కూడా ఉంది. సొంతింటి బావిని ఆ ఇంటి పిల్లలు పరీక్ష చెయ్యకూడదు. మా బావికి ఆఖరి వారంలో పడమటి జట్టు వస్తుంది. మా బావికి పరీక్షేమిటని నాకే నవ్వొచ్చింది. ఊళ్ళో చుట్టం దిగితే మంచినీళ్ళకి మా పెరట్లోకే వచ్చేవాళ్ళు. ఆ నీళ్ళు అంత తియ్యగా ఉండేవి.

మర్నాటికి కావలసిన బాటిళ్ళు ముందు రోజు సాయంత్రమే ఇచ్చేవాళ్ళు. నేను వాటిని ఇంటికి పట్టుకొచ్చి వరండాలో పెట్టానో లేదో నాయనమ్మ చూసింది.

"ఏమిటే ఇవి?"

"నీళ్ళు పట్టే బాటిళ్ళు."

"ఈ దుమ్ము బుడ్లు పట్టుకుని పదిళ్ళకి తిరుగుతావా? నిన్నేమీ అనరు. నన్నంటారు. ఫలానా ముసల్ది మనవరాలిని ఇలా పెంచిందీ అంటారు."

"మేడమ్ కడగొద్దంది."

"ఆవిడ ఇంట్లో కడగొద్దేమో. నీళ్ళకి కరువొచ్చిందా మనకి?"

తానే ఒక బొక్కెన తోడింది. తుంటి ఎముక విరిగి ఏడాది కూడా కాలేదు, అయినా చేద దగ్గర మాత్రం ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. నేను బాటిళ్ళు బయట కడిగాను. బయట కడిగి లోపల వదిలేస్తే అది కడగడమెలా అవుతుంది? లోపల కూడా రెండుసార్లు తొలిచి గట్టు మీద బోర్లించాను. మేడమ్ చెప్పింది నేను వినకపోలేదు. సరిగ్గానే విన్నాను. కానీ మా ఇంట్లో కడగని గిన్నెలో ఎవరికీ ఏదీ పొయ్యరు, కడగని గిన్నెలో ఎవరి దగ్గరా ఏదీ పట్టుకోరు. అది చదువుకంటే ముందు వచ్చిన విద్య.

బాటిళ్ళ లోపల తడి చూసి గడియారం అడిగాడు. "కడగొద్దంది కదా మేడమ్?"

"సబ్బుతో కడగొద్దని ఆవిడ ఉద్దేశం."

వాడు టైము చూసుకున్నాడు.

మొదటి బావి కుట్టుమిషను అత్తది. ఆవిడ మా అమ్మని వదినా అనేది, మా అమ్మ ఆవిడని వదినా అనేది. ఇద్దరి మధ్యా చుట్టరికమేమీ లేదు, మధ్యలో ఒక సందు ఉందంతే. మమ్మల్ని చూడగానే మిషను ఆపి, స్టూలు తెచ్చి వేసింది.

"రండి ఆఫీసర్లూ. బావిని నిద్ర లేపమంటారా, పడుకోబెట్టే చూస్తారా?"

ఆవిడ కొడుకు, నాలుగేళ్ళ బుడ్డోడు, మా వెనకే తిరిగాడు. నేను తోడుతుంటే గడియారం అంకెలు రాసుకున్నాడు. రెండు రోజుల తర్వాత చిన్న సీసా మసిగుడ్డలా నల్లబడింది. ఎర్ర రంగు డబ్బా పట్టుకుని మళ్ళీ వెళ్ళాం.

"మా అత్తగారు ఈ నీళ్ళే తాగింది. మా మామగారూ ఈ నీళ్ళే తాగాడు" అంది అత్త.

"వాళ్ళెక్కడున్నారు?" అన్నాడు గడియారం.

"పోయారు."

"మరి?"

"తొంభై దాటి పోయార్రా వెధవా!"

అందరం నవ్వాం. నవ్వుతూనే నేను పట్టీ వేశాను. కుంచె పట్టడం నాన్న దగ్గర నేర్చుకున్నదే, చెయ్యి వణక్కుండా చుట్టూ ఒకే వెడల్పులో వచ్చింది. అత్త కాసేపు దాన్ని చూసి, "సరేలే. ఇంకెవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. నువ్వు చెప్పావు గనక మూస్తున్నా. చంటోడున్న ఇల్లు" అంది. పాత తలుపు చెక్క ఒకటి తెచ్చి బావి మీద అడ్డంగా పెట్టించింది.

తర్వాతది వడ్రంగి తాతది. దానికీ ఎరుపే. ఆయన పట్టీ చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, "నా బావికి బొట్టు పెట్టి పోతున్నారన్నమాట. ఏం తప్పు చేసిందో చెప్పి మరీ పెట్టండి" అన్నాడు.

"నల్లబడింది తాతా."

"నేనూ నల్లబడ్డాను. నాకెప్పుడు వేస్తారు పట్టీ?"

మొదటి వారమంతా ఎరుపే. రెండో వారం మధ్యలో ఒక సాయంత్రం మా చేంతాడు తెగి బొక్కెన బావిలో పడింది. మర్నాడు పొద్దున గాలంతో బొక్కెన తీసి, తాడు ముడేస్తానని నాన్న అన్నాడు. ఆ రోజు బాటిళ్ళు కడగడం కుదరలేదు. అలాగే దుమ్ము బాటిళ్ళతో రెండిళ్ళకి వెళ్ళి, సిగ్గుతో వాటిని వెనక్కి దాచుకుంటూ నీళ్ళు పట్టాను. ఆ రెండూ తెల్లగానే ఉండిపోయాయి. "అబ్బ, ఇన్నాళ్ళకి తెల్ల డబ్బా మూత తీశాం" అన్నాడు గడియారం. అంతకు మించి మేమేమీ ఆలోచించలేదు.

ఆ శనివారమే మొదటి జీతం ఇచ్చారు. కవరు మీద నా పేరు, ఇంటిపేరుతో సహా, టైపు కొట్టి ఉంది. బడి సర్టిఫికెట్ల మీద తప్ప నా పేరు నేను అలా చూసింది లేదు. నేరుగా అంగడికి వెళ్ళి నైలాన్ తాడు కొన్నాను. నీలం రంగుది, చేతులు కొయ్యనిది, ఇంకో పదేళ్ళు తెగదని అంగడివాడు చెప్పినది. గిలక మీదికి నాయనమ్మే ఎక్కించింది. వచ్చినవాళ్ళందరికీ ముందు తాడు చూపించేది, తర్వాత నీళ్ళు తోడనిచ్చేది.

"మనవరాలి మొదటి జీతం. పట్టుకు చూడు, ఎంత మెత్తగా ఉందో."

వచ్చేవాళ్ళకి కొదవ లేదు. నాలుగో వారానికి తూర్పు వీధుల్లో పదమూడు బావులు చూశాం. పదకొండు ఎరుపు, ఆ రెండే తెలుపు. ఆ రెండూ ఊరి చివర. మరగబెట్టమని మేడమ్ చెప్పిన మాట ఎవరికి పట్టింది? పొయ్యి మీద పెట్టి, దించి, చల్లారిందాకా కూర్చోవడం కన్నా బిందె పట్టుకుని మా పెరట్లోకి రావడం తేలిక. మా గట్టుకి ఎరుపూ లేదు, తెలుపూ లేదు. దాని పేరే దానికి పట్టీ.

తెల్లారేసరికి పెరడు నిండిపోయేది. మా అమ్మ విసుక్కునేది గానీ ఆ విసుగులో కొంచెం తీపి ఉండేది. నాయనమ్మ కుర్చీ గట్టు పక్కన వేయించుకుని ఎవరు ముందో ఎవరు వెనకో తీర్పులు చెప్పేది. విరిగిన తుంటి తర్వాత మంచానికి అతుక్కుపోయిన మనిషి, ఆ వేసవిలో మళ్ళీ ఊరికి పెద్దయింది. వడ్రంగి తాత కూడా కావడి వేసుకుని వచ్చేవాడు. "మనవరాలు బావులు మూయిస్తుంది, నాయనమ్మ నీళ్ళు పోస్తుంది. బాగుంది మీ వ్యాపారం" అనేవాడు. కుట్టుమిషను అత్త రోజూ నాలుగు బిందెలు మోసేది. బుడ్డోడు వెనకాల చిన్న చెంబుతో సగం ఒలకబోసుకుంటూ నడిచేవాడు. చెంబులో మిగిలింది దారిలోనే తాగేసేవాడు.

అయిదో వారం మొదట్లో మిషను చప్పుడు ఆగిపోయింది. రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తెలిసింది, బుడ్డోడికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళారట, కళ్ళు లోపలికి పోయాయట, సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదట. ఆ వారంలోనే వడ్రంగి తాత మంచం పట్టాడు. ఇంకో నాలుగిళ్ళలోనూ ఇదే గోల. ఎండదెబ్బ అన్నారు, పచ్చికాయలు తిన్నారన్నారు. మా తమ్ముడికి చలికాలం నుంచీ కడుపు బాగుండేది కాదు. వాడిది కూడా పచ్చికాయల వల్లేనని ఎప్పుడో తేల్చేసి ఉంచాం.

ల్యాబ్ మేడమ్ గ్రంథాలయానికి వచ్చింది. ఈసారి అట్టపెట్టె లేదు, ఒక జాబితా ఉంది. బల్లకి అటు తను, ఇటు మేమిద్దరం.

"జబ్బు పడినవాళ్ళందరూ తూర్పు వీధులవాళ్ళే. పడమట ఒక్కరు లేరు. అక్కడ పద్నాలుగు బావుల్లో ఎరుపు రెండే. మీ పదమూడింట్లో పదకొండు. ఒకే ఊరు, ఒకే నేల. ఎలా?"

ఆవిడ మా పుస్తకం తిప్పింది.

"ఈ రెండు తెల్లవి ఒకే రోజు తెచ్చారు. ఆ రోజేం జరిగింది?"

గడియారం టైము చూసుకున్నాడు. వాడికి తెలుసు. వాడు చెప్పడనీ నాకు తెలుసు. కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"మా చేంతాడు తెగింది మేడమ్" అన్నాను.

"తెగితే?"

"బాటిళ్ళు కడగలేదు."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "మిగతా రోజులు కడిగావా?"

"కడిగాను."

"ఎక్కడ?"

"మా బావి దగ్గర."

"మీ బావి పరీక్ష అయిందా?"

"ఆఖరి వారం మేడమ్."

ఆవిడ నన్ను తిట్టలేదు. ముందున్న టీ అలాగే వదిలేసి లేచింది. దారిలో ఒక్క మాటే అడిగింది, ఇప్పుడు జనం ఎక్కణ్ణుంచి నీళ్ళు తెచ్చుకుంటున్నారని. నేను వేలు పెట్టి చూపించేసరికి మా పెరట్లో ఆరుగురు ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. నాయనమ్మ కుర్చీలో ఉంది.

మేడమ్ తానే నీళ్ళు పట్టింది, కడగని బాటిల్లో. తర్వాత పెరడంతా ఒకసారి చూసింది. బావి నుంచి మరుగుదొడ్డి గుంట దాకా అడుగులు వేసింది. ఏడు.

"ఇదెప్పుడు కట్టారు?"

"పోయిన వానాకాలం. మా అమ్మ తుంటి విరిగాక. మూల దాకా నడవలేదని దగ్గరగా కట్టాను. గుంట నేనే తవ్వాను" అన్నాడు నాన్న. మంచి పని చేసినవాడు చెప్పినట్టే చెప్పాడు.

సీసా నల్లబడటానికి రెండు రోజులు పట్టలేదు. మర్నాడు మధ్యాహ్నానికే నల్లబడింది.

ఎర్ర రంగు డబ్బా తెచ్చింది పడమటి జట్టే. వాళ్ళిద్దరూ మా గుమ్మంలో ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను డబ్బా తీసుకున్నాను. నాన్న అడ్డం వచ్చాడు.

"ఉండవే. గుంట పూడ్చేస్తాను, మందు చల్లిస్తాను. నెలలో బాగైపోతుంది. ఈలోగా ఎవర్నీ రావద్దంటాను. పట్టీ ఎందుకు? ఒకసారి పడిందంటే ఊళ్ళో మాట పోదు."

"మిగతావాళ్ళకి వేశాను కదా నాన్నా" అన్నాను.

నాన్న నాయనమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. నీకోసమే కదా తవ్వింది."

నాయనమ్మ కుర్చీలోంచి లేచింది. గిలక దగ్గరికి వెళ్ళి నీలం తాడు విప్పడం మొదలుపెట్టింది.

"మూల తవ్వమన్నాను. అంత దూరం నువ్వు నడవలేవన్నావు" అంది. తాడు చుట్ట చుట్టి నా చేతికిచ్చింది. "నడిచేదాన్ని."

నేను పట్టీ వేశాను. ఈసారి ఒకచోట రంగు కారింది. తుడవలేదు.

మిగతా పదకొండు బావులకీ మళ్ళీ పరీక్ష జరిగింది. నీళ్ళు పట్టింది మేం కాదు. తొమ్మిది మంచివని తేలింది. కుట్టుమిషను అత్తదీ, వడ్రంగి తాతదీ అందులోవే. తెల్లరంగు వెయ్యడానికి మాత్రం మమ్మల్నే పంపారు. నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. గ్రంథాలయం సార్ అడిగితే, "తీసేస్తే ఇంకెక్కడో కడుగుతుంది, ఉండనీండి" అందట మేడమ్. వడ్రంగి తాత మంచం మీంచి లేచి, గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఎరుపు మీద తెలుపు వేస్తే గులాబీ వస్తుందే పిల్లా. రెండు పూతలు వెయ్యి" అన్నాడు. రెండు పూతలు వేశాను. కుట్టుమిషను అత్త ఇంట్లో ఎవరూ లేరు. చెక్క పక్కకి జరిపి, పట్టీ వేసి వచ్చేశాం.

మా పెరడు ఖాళీ అయింది. నాయనమ్మ కుర్చీ లోపల వేయించుకుంది. నాన్న గుంట పూడ్చి, మూల కొత్తది తవ్వాడు. నాయనమ్మ రోజూ అక్కడి దాకా నడిచింది, కర్ర పట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. మేం నీళ్ళకి ఊరి చివరికి వెళ్ళేవాళ్ళం. వెళ్ళేటప్పుడు మాట్లాడుకుంటున్నవాళ్ళు మా అమ్మని చూసి మాట ఆపేవాళ్ళు కాదు. విషయం మార్చేవాళ్ళు. అది ఇంకొంచెం కష్టంగా ఉండేదని అమ్మ చెప్పింది, చాలా ఏళ్ళ తర్వాత.

బుడ్డోణ్ణి పదకొండో రోజు ఇంటికి తెచ్చారు. ఆ సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకుని సందు దాటింది. కొన్ని పళ్ళు తీసుకెళ్ళాం. అత్త మిషను ముందే కూర్చుని ఉంది గానీ కుట్టడం లేదు. బుడ్డోడు చాప మీద పడుకుని ఉన్నాడు. మోచేతి మీద సూది గుచ్చిన చోట్లన్నీ నీలంగా కమిలి ఉన్నాయి. నన్ను చూసి, అలవాటుగా, వెనకాల రావడానికి లేవబోయాడు. వాళ్ళ నాన్నమ్మ వరస ముసలావిడ ఒకామె పట్టుకుని పడుకోబెట్టింది.

అత్త స్టూలు వెయ్యలేదు. మేం నిలబడే ఉన్నాం.

"తగ్గిందా వదినా?" అంది అమ్మ.

"తగ్గింది."

"నేను బాటిళ్ళు కడిగానత్తా. అందుకే మీ బావి నల్లగా చూపించింది. మీ నీళ్ళు మంచివే" అన్నాను. దారంతా కూడబలుక్కుని వచ్చిన మాటలు అవి.

అత్త నా వైపు చూడలేదు. మిషను చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా అలాగే ఉంచింది.

అమ్మ తొందరగా అందుకుంది. "చిన్నపిల్ల వదినా. తెలియక చేసింది."

"తెలుసుకోడానికే కదా వదినా, దానికి జీతమిచ్చింది" అంది అత్త.